పూత ఆరేదాకా

సావా నది రెండోసారి వీధిలోకి వచ్చి, కిటికీల దాకా ఎక్కి, తొమ్మిది రోజులు తిష్ఠవేసి పోయిన ఏడాది కాదు. ఆ పై రెండో ఏడు. జూన్ నెల, శుక్రవారం. ఒబ్రాద్ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాడు. ఆ రోజు అతనికి ఉన్న పని ఒక్కటే. వాకిట్లో పరిచిన తెల్లరాళ్ళకి రెండు పూతలు వేయాలి. శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటల బస్సులో అతని భార్య దెసాంక దిగేసరికి ఆ పూత ఆరి ఉండాలి. అంతే.

ఆ రాళ్ళు దెసాంకవి. వరద ఏట్లో కలిపేసిన పుట్టింటి గోడల్లోంచి ఒక్కొక్కటీ ఏరి, ట్రాక్టరు మీద తెప్పించి, తన చేతులతో పరుచుకుంది. అప్పుడే మోకాళ్ళు పోగొట్టుకుంది. ఆ రాళ్ళ మీద కోడి నడవకూడదు, సైకిలు ఆనకూడదు, ముఖ్యంగా సారా పీపా పెట్టకూడదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె ఒబ్రాద్‌కి పెట్టిన ఆంక్షలు చాలా ఉన్నాయి గానీ, వేలు చూపిస్తూ పెట్టింది ఇదొక్కటే.

మంగళవారం పొద్దున ఆమె మోకాళ్ళ వైద్యానికి వేన్నీళ్ళ ఊటల ఊరికి బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగిందో లేదో ఒబ్రాద్ మల్బరీపళ్ళ పీపా తెచ్చి ఆ రాళ్ళ మీద పెట్టాడు. ఇంటిమొత్తానికి నీడ ఉన్నది అక్కడే. పళ్ళు నీడన పులిస్తేనే సారాకి రుచి. మధ్యాహ్నానికి పీపా అడుగు ఊడింది. నల్ల మల్బరీ రసం మనిషి పడుకున్నంత మేర పారి, రాళ్ళు తాగినంత తాగాయి.

బుధవారం అతను సబ్బుతో రుద్దాడు. ఊదారంగు నవ్వింది. చిన్నప్పుడు వేళ్ళకి మరకలైతే వాళ్ళమ్మ పచ్చి మల్బరీకాయలు రాసేదని గుర్తొచ్చి, దోసెడు కోసుకొచ్చి రాశాడు. ఊదా పక్కన ఆకుపచ్చ చేరింది. వెనిగర్ పోశాడు. రాయి బుసబుసా నురగలు కక్కింది. మరక ఉండిపోయి నునుపు పోయింది. అప్పుడిక సిగ్గు చంపుకుని వుకాషిన్ దగ్గరికి వెళ్ళాడు. వుకాషిన్ సమాధి రాళ్ళు చెక్కుతాడు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో రాయి మనసు తెలిసినవాడు అతనొక్కడే.

వుకాషిన్ రంపం ఆపలేదు. అరుస్తూ అడిగాడు.

"ఎంత పొడుగు?"

"మనిషంత."

"రాయి ఏ రంగు?"

"తెల్లది. దెసాంకది."

"ఎప్పటికి కావాలి?"

"శనివారం లోపు."

"పాపం! ఎలా జరిగింది?"

"ఒక్కసారిగా. చూస్తుండగానే."

పక్కింటి కొసార అప్పుడు అక్కడే ఉంది. చనిపోయిన భర్త సమాధి మీద అక్షరాలకి బంగారు రంగు వేయించడానికి వచ్చింది. రంపం మోతలో ఆమెకి అంతా వినపడలేదు. దెసాంక, శనివారం, ఒక్కసారిగా అన్నవి మాత్రం వినపడ్డాయి. కొసారకి మూడు మాటలు ఎక్కువ. ఒక్కదానితోనే ఆమె వీధి చివరిదాకా వెళ్ళి రాగలదు.

కొసార వెళ్ళాక అసలు సంగతి విని, వుకాషిన్ తెల్లమట్టి పొడీ, రాయికి రక్షణగా వేసే రంగులేని పూత డబ్బా ఒకటీ ఇచ్చాడు. పుండ్లు కడిగే నురుగుమందుతో దాన్ని ముద్దలా కలిపి, మరక మీద దట్టంగా మెత్తి, పైన గుడ్డ కప్పి ఒక రోజు కదపొద్దన్నాడు. మట్టి ఆరుతూ రంగుని పైకి లాగేస్తుందట. తర్వాత కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, డబ్బాలోని పూత రెండుసార్లు వేయాలి.

"పూత ఆరేదాకా పిల్లి కూడా తొక్కకూడదు పెద్దాయనా. తొక్కితే ఆ అడుగు నీకంటే ఎక్కువ కాలం ఉంటుంది," అన్నాడు.

గురువారం కొసార గోడ మీంచి తొంగి చూసింది. వాకిట్లో మనిషంత పొడుగున తెల్లదుప్పటి పరిచి ఉంది. దాని కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. నాలుగు మూలలా ఇటుకలు. పక్కన ముక్కాలిపీట మీద ఒబ్రాద్ తల వంచుకుని కూర్చున్నాడు. కొసార శిలువ గుర్తు వేసుకుని నెమ్మదిగా కిందికి దిగింది.

మట్టి పని చేసింది. గురువారం సాయంత్రం కడిగితే, శుక్రవారం తెల్లారేసరికి ఆరిన రాళ్ళ మీద అంచుల్లో ఎక్కడో లేత ఊదా నీడ తప్ప మరేం లేదు. ఒబ్రాద్ అయిదింటికి మొదటి పూత వేశాడు. ఏడున్నరకి రెండోది. మోకాళ్ళ మీద వెనక్కి పాకుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చాక ఒక సంగతి తట్టింది. వీధి గేటు గడియ వరదకి తుప్పుపట్టి ఊడిపోయింది. వీధిలో ఎవరికీ తలుపు తట్టే అలవాటు లేదు. ఇంటి వెనకనించి చుట్టూ తిరిగి వెళ్ళి, కొట్టంలో చేతికి దొరికిన పాత గొడుగు గుడ్డ చింపి, గేటుకి అడ్డంగా కట్టాడు. పేలిక పెద్దదిగా ఉంది, దూరానికి కనపడుతుంది, ఎవరైనా ఆగుతారు అనుకున్నాడు. గొడుగులన్నీ ఏ రంగులో ఉంటాయో అతను ఆలోచించలేదు. అతని తలలో అప్పుడు ఒక్క రంగే ఉంది.

ఆ వైపు ఊళ్ళలో గేటుకి నల్లగుడ్డ కట్టారంటే అర్థం ఒక్కటే. అది చూసి ఎవరూ ఆగరు. అది చూసే లోపలికి వస్తారు.

కొసార గోడ దగ్గరికి వచ్చింది. కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

"ఒబ్రాదన్నా, వదిన ఏదీ?"

"లేదు."

"ఎప్పుడు?"

"మంగళవారం పోయింది."

"ఓరి దేవుడా! ఎలాగన్నా?"

"బస్సులో."

"బస్సులోనా! అంత హఠాత్తుగానా! అసలేమైంది మనిషికి?"

"మోకాళ్ళు."

"మోకాళ్ళతో కూడా పోతారా అన్నా?"

ఒబ్రాద్ ఆలోచించాడు. కిందటేడు ఆ ఊటలకి బేకరీ ఆవిడ వెళ్ళింది, అంతకుముందు బడి మాస్టారి తల్లి వెళ్ళింది. "ఈ మధ్య అందరూ దాంతోనే పోతున్నారు," అన్నాడు.

కొసార తన మోకాళ్ళు తడుముకుంది. నిన్న దుప్పటి పరిచింది శవాన్ని దించే చోటుకి కాబోలనుకుంది. "మరి ఎప్పుడు తీసుకొస్తున్నారు?"

"రేపు. పన్నెండు గంటల బస్సుకి."

"బస్సులోనే?"

"మరి? రాకపోకలకి కలిపే టికెట్టు తీశాం."

అది అతను ఆ నెలలో మాట్లాడిన అతి పొడుగాటి మాట. నోరు నొప్పి పుట్టినట్టుంది. "వాకిట్లో కాలు పెట్టకు," అని లోపలికి వెళ్ళి, మూడు రోజుల నిద్ర బాకీ ఉన్నవాడు కాబట్టి, వంటింటి బల్లమీద బోర్లా పడి నిద్రపోయాడు.

కొసార వెంటనే నమ్మేసే మనిషి కాదు. ఇంట్లోకి వెళ్ళి దెసాంక సెల్‌ఫోనుకి ఫోన్ చేసింది. అవతల దెసాంక ఫోను మూటకట్టి పెట్టెలో పెట్టి గంధకపు నీళ్ళలో మునిగి ఉంది. మీరు కోరిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు అని ఒక ఆడగొంతు చల్లగా చెప్పింది. కొసార మళ్ళీ చేసింది. మళ్ళీ లేరంది. పదకొండుసార్లు చేసింది.

"ఫోను కంపెనీ వాళ్ళకి కూడా తెలిసిపోయింది," అని చెప్పుకుంటూ వీధిలోకి బయల్దేరింది.

తొమ్మిదింటికి ఆమె బేకరీ ముందు నిలబడి, బస్సులో దెసాంక చివరి మాటలు ఏవై ఉంటాయో వివరిస్తూండగా చేతిలో ఫోను మోగింది. తెరమీద పేరు చూసింది: దెసాంక. కొసార కెవ్వున అరిచి ఫోనుని బేకరీ వాళ్ళ నీళ్ళ బకెట్లోకి విసిరింది. అది అక్కడ కూడా రెండుసార్లు మోగి, ఆ తర్వాత మాత్రం నిజంగానే అందుబాటులో లేకుండా పోయింది.

పదకొండింటికి ఒబ్రాద్‌కి వంటల వాసనకి మెలకువ వచ్చింది. తన వంటింట్లో అది ఎప్పుడూ లేని వాసన. తలుపు తీశాడు.

వాకిలి నిండా జనం. రాళ్ళ మీద మూడు బల్లలు వేసి ఉన్నాయి. బల్లల మీద కాఫీ పొట్లాలు, పంచదార పొట్లాలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసపు ముద్దల గిన్నెలు, మధ్యలో చచ్చినవాళ్ళ కోసం ఉడికించే గోధుమల పళ్ళెం, అందులో గుచ్చిన కొవ్వొత్తి. ఫాదర్ నికోన్ సాంబ్రాణి ధూపపాత్ర ఊపుతూ, ఒక కన్నుతో గిన్నెలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆయన చావుకి ఎప్పుడైనా ఆలస్యమయ్యాడేమో గానీ చావు భోజనానికి ఎన్నడూ కాలేదు. ఎవరు కదిలినా బూటు కింద నుంచి 'పిచక్' అని చప్పుడు వస్తోంది. తీసిన ప్రతి అడుగూ ఒక గుర్తుని అచ్చు గుద్ది వదిలేస్తోంది. ఒక ముసలాయన చెప్పు రాయికి అంటుకుపోతే, దాన్నక్కడే వదిలేసి ఒంటికాలి మేజోడుతో సంతాపం ప్రకటిస్తున్నాడు.

"అయ్యో! రాళ్ళు!" అన్నాడు ఒబ్రాద్.

"పాపం, మతి చలించింది," అంది కొసార పక్కవాళ్ళతో.

ఒబ్రాద్ మోకాళ్ళ మీద పడి పైజేబులో గుడ్డతో రాయి తుడవడం మొదలుపెట్టాడు. నలుగురు కలిసి లేపారు. ఒకరు సారా గ్లాసు నోటికి అందించారు. అతను మళ్ళీ పడ్డాడు. మళ్ళీ లేపారు. మళ్ళీ గ్లాసు. మూడోసారి పడడం దుఃఖం వల్లో సారా వల్లో చెప్పడం కష్టం.

"కాళ్ళు తియ్యండి!" అని అరిచాడు. "దెసాంక ఇక్కడ! మీరు తొక్కుతున్నారు!"

దెసాంక రాళ్ళు ఇక్కడ అనబోయాడు. ఒక మాట మిగుల్చుకోవడం అతని పుట్టు అలవాటు. ఆ ఒక్క మాటా మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

అందరూ ఒక్కసారి వెనక్కి గెంతారు. నలభై 'పిచక్'లు ఒకేసారి వినిపించాయి.

"ఇక్కడా?" అన్నాడు ఫాదర్ నికోన్ కిందికి చూస్తూ.

"నేను చూశాను!" అంది కొసార. "నిన్న పొద్దున ఇక్కడే దుప్పటి కప్పి ఉంది! మనిషంత! పక్కన ఈయన పీటేసుకుని కాపలా కూర్చున్నాడు! రేపు బస్సులో వస్తుందని నాతో అబద్ధం చెప్పాడు!"

"రాళ్ళు కూడా కొత్తగా కడిగినట్టున్నాయి," అన్నాడు ఎవరో.

"మొన్న వుకాషిన్ దగ్గర సమాధి రాయి గురించి అడిగాడు. శనివారానికి కావాలన్నాడు. ముందే అనుకుని చేశాడన్నమాట!" అంది కొసార.

ఒబ్రాద్ తమ్ముడు మిలున్ అందరిలోకీ నెమ్మదస్తుడు. అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నయ్యా, నిజం చెప్పు. వదిన ఏదీ?"

"చెప్పాగా. లేదు."

మిలున్ తల ఊపి, కొట్టంలోకి వెళ్ళి, గడ్డపార తెచ్చాడు.

అప్పుడు ఒబ్రాద్ నిజంగా భయపడ్డాడు. తనని ఉరితీస్తారని కాదు. గడ్డపార దించితే రాయి పగులుతుంది. మరక అంటే మట్టి మెత్తి తీయవచ్చు, అడుగులంటే అరగదీయవచ్చు. దెసాంక పుట్టింటి రాయి పగిలితే ఇంకోటి లేదు; ఆ ఇల్లూ లేదు. అతను ఆ రాళ్ళ మీద బార్లా పడుకుని రెండు చేతులూ చాచాడు. జిగురుకి చొక్కా అంటుకుపోయింది. ఇప్పుడు లేవాలన్నా లేవలేడు.

"ముందు నన్ను తవ్వండి," అన్నాడు.

"ఒప్పేసుకున్నాడు," అంది కొసార.

సరిగ్గా అప్పుడే వీధిలో టాక్సీ ఆగింది. గేటు బద్దలయ్యేలా తెరుచుకుంది. తల నుంచి కాళ్ళ దాకా నల్లబట్టల్లో, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న నల్ల తలగుడ్డతో దెసాంక లోపలికి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ళు బాగైనట్టే ఉన్నాయి.

"ఒబ్రాద్! నన్ను ఒంటిదాన్ని చేసి పోయావా!"

ఆమె లెక్క ఆమెది. వేన్నీళ్ళలోంచి వచ్చి చూసుకుంటే కొసారవి పదకొండు పిలుపులు. తిరిగి చేస్తే ఎత్తినవాళ్ళు లేరు. కొసార ఫోను ఎత్తలేదంటే చెప్పలేనంత ఘోరమే, మొగుడే పోయి ఉండాలి. వచ్చి చూస్తే గేటుకి నల్లగుడ్డ, లోపల ఫాదర్, గోధుమల పళ్ళెం, నేలమీద చేతులు చాచి కదలకుండా మొగుడు.

ఫాదర్ నికోన్ చేతిలో ధూపపాత్ర జారి గోధుమల్లో పడింది. కొసార కళ్ళు తేలేసి కూలబోయి, పూత ఇంకా ఆరలేదని గుర్తొచ్చి కుర్చీలో కూలింది. మిలున్ గడ్డపార వెనక దాచుకున్నాడు.

నేలమీంచి ఒబ్రాద్ తల మాత్రం తిప్పాడు.

"ముందే వచ్చావే," అన్నాడు.

దెసాంక ఏడుపు ఎక్కడికక్కడ ఆగిపోయింది. మొగుణ్ణి చూసింది. జనాన్ని చూసింది. "చచ్చిందెవరు?"

అందరూ కొసార వైపు చూశారు. కొసార దెసాంక వైపు చూసింది.

"నువ్వే వదినా," అంది చిన్నగా. "మోకాళ్ళతో."

ఆ తర్వాత దెసాంక అన్న మాటలు రాయదగ్గవి కావు; ఫాదర్ నికోన్ చెవులు మూసుకునే విన్నాడు. ఆమె ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు నేల చూసింది. ఒబ్రాద్‌ని చొక్కాలోంచి ఊడదీసి నిలబెట్టారు. చొక్కా రాయి మీదే ఉండిపోయింది.

"ఈ ఊదారంగేంటి?" అంది దెసాంక.

"మల్బరీ."

"పీపా పెట్టావా?"

"ఊ."

"నా రాళ్ళ మీద?"

"ఊ."

"సారా ఎంత మిగిలింది?"

"పోయింది. మొత్తం."

మగవాళ్ళంతా టోపీలు తీశారు. ఆ రోజు ఆ వాకిట్లో జరిగిన నిఖార్సయిన సంతాపం అదొక్కటే.

దెసాంక చెయ్యి పైకి లేచింది. చూపుడువేలు ఒబ్రాద్ ముక్కు ముందుకి వచ్చి ఆగింది. అప్పుడామె కళ్ళు ఆ వేలి కింద, రాళ్ళ మీద ఒకచోట ఆగిపోయాయి. అక్కడ బూటు గుర్తులు కావు. పక్కపక్కన రెండు గుండ్రని గుంటలు, వాటి ముందు రెండు అరచేతులు. ఎవరో మోకాళ్ళ మీద కూలి, చేతులు నేలకానించి ఏడ్చిన గుర్తు.

"ఇది ఎవరిది?"

జనం కదిలారు. వెనకవరసలో మోకాళ్ళ దగ్గర మేజోళ్ళకి రెండు పెద్ద జిగురు మచ్చలతో ల్యూబింక నిలబడి ఉంది. మిలున్ పెళ్ళాం, దెసాంక తోడికోడలు. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. వరదలో పడవ మీద మిగిలిన ఒక్క చోటు కోసం ల్యూబింక పందీ దెసాంక కుట్టుమిషనూ పోటీపడ్డాయి. పంది గెలిచింది. నా చావుకి కూడా అది రాదు అని దెసాంక ఈ రెండేళ్ళలో వీధికంతా వినపడేలా చెబుతూనే ఉంది.

"నువ్వొచ్చావా?" అంది దెసాంక.

"చచ్చావన్నారు కదా, వచ్చాను," అంది ల్యూబింక. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. "బతికున్నావని తెలిస్తే వచ్చేదాన్నా?"

"మోకాళ్ళ మీద పడి ఏడ్చావే!"

"జారిపడ్డానక్కా. రాళ్ళు జిగురుగా ఉన్నాయి."

"జిగురుగా ఉంటే జారరే."

ల్యూబింక ఒబ్రాద్ వైపు తిరిగింది. "బావగారూ, ఆ గుర్తులు మాత్రం ఇప్పుడే గీకెయ్యండి. నా పరువు తీస్తుంది."

ఒబ్రాద్ సంతోషంగా వంగాడు. గీకడం అతనికి ఇప్పుడు చేతనైన విద్య.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది!" అంది దెసాంక. ఆ గుర్తుల చుట్టూ ఒకసారి తిరిగింది. అత్తగారి వెండి గిన్నెలు పంచుకున్నప్పుడు కూడా ఆమె మొహం అంతగా వెలగలేదు. "ఏవయ్యా, ఆ పూత ఇంకా మిగిలిందా?"

"సగం డబ్బా."

"దీని మీద ఇంకోటి వెయ్యి. మందంగా. ఇంకో వరద వచ్చినా పోకూడదు."

"మిగతావి?"

దెసాంక నడుస్తూ అడుగులు చదివింది. ఎవరి బూటో, ఎవరి చెప్పో ఆ వీధిలో ఆమెకి తెలియనిది లేదు. ఫాదర్‌ది గోధుమల పళ్ళెం దాకా నేరుగా ఉంది. కొసారది అన్నిచోట్లా ఉంది. బేకరీ ఆవిడది ఎక్కడా లేదు. దెసాంక ఆ మాట మనసులో రాసుకుంది.

"అన్నీ ఉంచు," అంది. "ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియాలి. రేపు నేను నిజంగా పోయినప్పుడు మళ్ళీ పోల్చి చూసుకోవాలి కదా."

చచ్చినవాళ్ళు చూసుకోలేరని ఫాదర్ నికోన్ చెప్పబోయి, ఆమె మొహం చూసి, క్యాబేజీ ముద్దల గిన్నె దగ్గరికి జరిగాడు. వండినవి పారేయలేరు కాబట్టి అందరూ కూర్చున్నారు. దెసాంక తన చావు భోజనంలో రెండుసార్లు వడ్డించుకుని, గోధుమల్లో పంచదార తక్కువైందని వంక పెట్టింది. అవి వండింది ల్యూబింక. ఇద్దరికీ ఆ మాట మీద మళ్ళీ పోట్లాట మొదలైంది. రెండేళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదలు. చీకటిపడేదాకా ఆపలేదు.

మర్నాడు ఒబ్రాద్ నాలుగున్నరకే లేచాడు. రెండు మోకాళ్ళకీ, రెండు అరచేతులకీ, నలభై చిల్లర బూట్లకీ, ఒక చొక్కాకీ, ఒక చెప్పుకీ మీదుగా మందంగా పూత వేశాడు. ఈసారి గేటుకి గుడ్డ కట్టలేదు. దెసాంక గేటుకి అడ్డంగా కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకీ నోరు తెరిచి పూర్తిగా చెప్పమంది. మధ్యాహ్నం దాకా ఇరవై ఆరుమందికి చెప్పాడు: "పూత పచ్చిగా ఉంది. తొక్కొద్దు. దెసాంక బతికే ఉంది. ల్యూబింక ఇంటికి పోట్లాటకి వెళ్ళింది. భోజనానికి వస్తుంది."

ఆఖరున వచ్చిన పోస్టుమాన్ ఏమీ అడగకుండా వెళ్ళిపోతూంటే, వెనక్కి పిలిచి మరీ చెప్పాడు.